బూరుగుపాడులో కనిపించని పేరు

బూరుగుపాడు సబ్ సెంటర్,
(వయా) భద్రాచలం,
4 మే 2009.

అన్నకు,

నీ ఉత్తరం, అందులో పెట్టిన బదిలీ ఫారం అందాయి. ఫారం సంగతి చివర రాస్తాను. ముందు నీతో ఒక పని పడింది. ఇది ఫోన్లో అయ్యే పని కాదు. మండలం మీటింగుకు పోయిన రోజు తప్ప నాకు సిగ్నల్ దొరకదు. దొరికినా నువ్వు చెప్పేది రాసుకునేలోపు పోతుంది. నువ్వు కాగితం మీద రాసి పంపితే పక్కన పెట్టుకుని చూస్తూ చేస్తాను.

భద్రాచలంలో ఒక ట్రస్టు ఆసుపత్రి ఉంది కదా, వాళ్లు మా ఊరి నీళ్ల ట్యాంకు మీద తెల్ల డబ్బా ఒకటి బిగించారు. వైర్‌లెస్ డబ్బా. అది పనిచేస్తే అక్కడి డాక్టరమ్మ ప్రమీలారాణి గారు వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, కంప్యూటర్ తెర మీద ఇక్కడి పేషెంట్లను చూస్తారు. లాప్‌టాప్ మాత్రం వాళ్లు ఇవ్వరు. పోయినేడు నువ్వు కొనిచ్చింది ఉంది కాబట్టి నేను సరే అన్నాను.

డబ్బా బిగించిన ఇంజనీరు అనిల్‌కుమార్‌ది సత్తుపల్లి. అతని లాప్‌టాప్ నా గదిలో తెరిస్తే డబ్బా పేరు నాలుగు గీతలతో వచ్చింది. నాది తెరిస్తే లిస్టు ఖాళీ. "అక్కా, మీ దాంట్లో వైర్‌లెస్ కార్డు డ్యూయల్ బ్యాండా?" అని అడిగాడు. "ఏమో తమ్ముడూ, నల్లగుంది" అన్నాను. నవ్వి, వివరంగా చెప్పాడు. వైర్‌లెస్ రెండు బాటల్లో నడుస్తుందట. ఒకటి రెండు పాయింటు నాలుగు, ఒకటి ఐదు. మామూలు నెట్ షాపుల్లో ఉండేది మొదటిది. వీళ్ల డబ్బా ఐదు మీదే పంపుతుంది. నా కార్డుకు మొదటి బాటే తెలిస్తే ఈ డబ్బా ఉన్నట్టే దానికి తెలియదు. ట్యాంకు నుంచి వైరు లాగండి అంటే, పిడుగు పడితే వైరు వెంట ఇంట్లోకి వస్తుందని ట్రస్టు ఒప్పుకోదట.

కింద స్టిక్కర్ చూస్తే కార్డు సంగతి తెలుస్తుందని తిప్పాడు. అక్కడ యాడి కుట్టిన తొడుగు ఉంది. (అమ్మ అని రాస్తే ఎవరి అమ్మో అనిపిస్తుంది, యాడి అనే రాస్తున్నాను.) నువ్వు చూడలేదు. పోయిన తీజ్ పండక్కి నేను తండాకు వచ్చినప్పుడు రెండు రోజులు కూర్చుని లాప్‌టాప్‌కు రవిక కుట్టినట్టు కుట్టింది, మూతకు ఒకటి, అడుగుకు ఒకటి. ఎర్రగుడ్డ, అద్దాలు, గవ్వలు. గాలి పోయే రంధ్రాల దగ్గర మాత్రం వదిలింది. "కత్తెర ఇవ్వండక్కా, నాలుగు కుట్లు విప్పితే చాలు" అన్నాడు అనిల్. నేను ఇవ్వలేదు. యాడి సంగతి నీకు తెలుసు. పెళ్లి లంగా దగ్గర నుంచి ప్రతిదానికీ ఒకటే మాట: "నేను కుట్టింది నువ్వు విప్పొద్దు. విప్పాల్సొస్తే నీ అన్న విప్పాలె."

కాబట్టి స్టిక్కర్ చూడకుండా కార్డు సంగతి తెలుసుకునే దారి చెప్పు. ట్రస్టు వాళ్లు జూన్ పదిహేను దాకా చూస్తారు. కాకపోతే డబ్బా విప్పి వాగు అవతలి ఊరికి తీసుకుపోతారు.

ఈ డబ్బా నాకు ఎందుకు కావాలో కూడా రాస్తాను. ఇక్కడ పున్నమ్మ అని ఒకామె ఉంది. పోయినేడు వానాకాలంలో కడుపు నొప్పని వస్తే నేను భయపడి భద్రాచలం పంపాను. అక్కడ ఏమీ లేదన్నారు. తిరిగి వచ్చేసరికి విత్తనాల అదును పోయింది. ఆమె మొగుడు బొజ్జయ్య ఇప్పటికీ ఆ మాటే అంటాడు. ఇప్పుడు పున్నమ్మకు ఏడో నెల. బీపీ ఎక్కుతోంది. పంపుదామంటే బొజ్జయ్య, "పోయినసారి పొమ్మన్నవ్, పోయినం. ఏం లేదన్నరు. నువ్వు డాక్టరువా సిస్టరమ్మా?" అన్నాడు. కాదు కదా.

బదిలీ ఫారం మేకుకు తగిలించి ఉంది. డబ్బా పోతే సంతకం పెట్టి పంపిస్తాను. పంపాలో వద్దో నా ఒక్క నోటితో చెప్పి, వినకపోతే చూస్తూ కూర్చోవడం ఇక నా వల్ల కాదు. డబ్బా ఉంటే మాత్రం ఆ ఫారం గురించి నన్ను అడగొద్దు.

చెల్లె,
చాంది.


ఖమ్మం,
11 మే 2009.

చెల్లె చాందికి,

ఉత్తరం అందింది. అందరం బాగున్నాం. యార్డులో మిర్చి ఇంకా వస్తూనే ఉంది. పొద్దంతా తూకాలు, చిట్టాలు. సాయంత్రమే తీరిక.

ఆ లాప్‌టాప్ నేను వైరా రోడ్డులో పాత కంప్యూటర్ల దుకాణంలో కొన్నాను. వైర్‌లెస్ ఉందా అని అడిగాను, ఉందన్నాడు. ఏ వైర్‌లెస్ అని అడగలేదు. అప్పటికి రెండు రకాలుంటాయని నాకు తెలియదు. మా సేటు షాపులో కంప్యూటర్ పెట్టినప్పుడు నొక్కి నొక్కి నేర్చుకున్నదే నా చదువు.

స్టిక్కర్ చదవలేకపోయారని బాధ లేదు. చదివినా నమ్మకూడదు. అది కంపెనీ నుంచి వచ్చిన రోజు సంగతి చెబుతుంది. పాతవి అమ్మేవాళ్లు లోపల కార్డు మార్చి ఉండవచ్చు. యార్డులో బస్తా మీద గుర్తు చూసి ఎవరూ రేటు చెప్పరు. అడుగుదాకా చెయ్యి పెట్టి కాయ తీసి విరిచి చూస్తారు. లాప్‌టాప్‌లో అలా చెయ్యి పెట్టే దారి ఉంది.

మై కంప్యూటర్ బొమ్మ మీద కుడి బటన్ నొక్కు. ప్రాపర్టీస్ తెరువు. అందులో హార్డ్‌వేర్, దాని లోపల డివైస్ మేనేజర్. పెద్ద లిస్టు వస్తుంది. భయపడకు, ఏదీ మార్చవద్దు. నెట్‌వర్క్ అడాప్టర్స్ పక్కన కూడిక గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే రెండు పేర్లు వస్తాయి. ఒకటి వైరుది. వైర్‌లెస్ అని ఉన్న పేరు చివరిదాకా చూడు. చివర ఇంగ్లీషు అక్షరాలుంటాయి. బీ, జీ మాత్రమే ఉంటే అది రెండు పాయింటు నాలుగు మీదే నడుస్తుంది. ఏ కూడా ఉంటే ఐదు మీద కూడా వింటుంది. ఎన్ ఉంటే మాత్రం ఆ ఒక్కటి చూసి నిర్ణయించకు. ఎన్ రెండింటిలోనూ ఉండవచ్చు, ఒకదానిలోనే ఉండవచ్చు. అప్పుడు పూర్తి పేరు రాసి పంపు, నేను వెతుకుతాను.

ఇక్కడ మన దగ్గర్లో ముదిగొండ ఆసుపత్రిలో ఖాళీ ఉన్నది నిజం. జూన్ నెలాఖరులోపు ఫారం ఇవ్వాలి. మంగీలాల్ బావను అడిగాను. "నీ చెల్లె ఏ ఊర్ల ఉంటే ఏంది, నేను పండేది లారీలనే గద" అన్నాడు. యాడి మాత్రం వచ్చిన ప్రతివాళ్లతో నా బిడ్డ ఈ యేడు వస్తోందని చెబుతోంది.

పున్నమ్మ బీపీ రోజూ చూస్తున్నావా?

అన్న,
కిషన్‌లాల్.


బూరుగుపాడు,
20 మే 2009.

అన్నకు,

నువ్వు రాసినట్టే చేశాను. పేరు చివర ఏ, బీ, జీ మూడూ ఉన్నాయి. రెండుసార్లు చూశాను. ఉన్నది ఉన్నట్టు రాసుకుని అనిల్‌కు చూపించాను. "అయితే డ్యూయల్ బ్యాండే అక్కా, రావాలి మరి" అన్నాడు. రావాలి అని నాకూ తెలుసు. రాలేదు.

అతను తన లాప్‌టాప్ నా బల్ల మీద పెట్టి, నాది పక్కన పెట్టాడు. అతని దాంట్లో నాలుగు గీతలు. నా దాంట్లో ఏమీ లేదు. కిటికీ దగ్గర పెట్టాం. ఏమీ లేదు. తలుపు బయట స్టూలు మీద పెట్టాం. టీకాలకు వచ్చిన ఆడవాళ్లంతా చుట్టూ చేరారు, మేమేదో పూజ చేస్తున్నామనుకుని. ఒకామె తొడుగు అద్దంలో ముఖం చూసుకుని బొట్టు సరిచేసుకుంది. ఆ రోజు లాప్‌టాప్ వల్ల జరిగిన ఉపకారం అదొక్కటే.

"పాత మెషీన్ కదక్కా, కార్డు పేరుకే ఉండి ఉంటుంది, లోపల చచ్చిపోయి ఉంటుంది" అన్నాడు అనిల్. చచ్చిపోయిందా లేదా తెలుసుకోవాలంటే మొదటి బాటలో నడిచే డబ్బా కూడా కావాలి. అది ఇక్కడ లేదు. కార్డు మార్చాలంటే వెనక విప్పాలి. వెనక విప్పాలంటే యాడి కుట్టు విప్పాలి. మళ్లీ అక్కడికే వచ్చాం.

పున్నమ్మ బీపీ రోజూ చూడలేను. ఆమె ఇల్లు ఊరికి దూరంగా చేను దగ్గర ఉంది. నేను రెండు రోజులకొకసారి పోతున్నాను. కాళ్లకు నీరు దిగింది. బొజ్జయ్య ఎదురొచ్చి మంచం వేస్తాడు, నీళ్లిస్తాడు, ఇప్పపూలు కూడా పెట్టాడు. భద్రాచలం అనగానే లేచి పనికి పోతాడు.

నువ్వు ముదిగొండ గురించి మూడు ముక్కలు రాశావు, లాప్‌టాప్ గురించి పేజీ రాశావు. నీ మనసు మాత్రం ఆ మూడు ముక్కల్లోనే ఉందని నాకు తెలుసు. ఉంటే ఉండనీ. ముందు దీని సంగతి తేల్చు.

చాంది.


ఖమ్మం,
27 మే 2009.

చెల్లె చాందికి,

కార్డు రెండు బాటలదే అని తేలింది. చచ్చిపోయిందని అప్పుడే అనుకోవద్దు. వినగలిగిన కార్డును ఒకే బాట వినమని కట్టడి చేసి ఉండవచ్చు. ముందు వాడినవాళ్లు అలా పెట్టి ఉంటే మనకు తెలియదు.

మళ్లీ ఆ లిస్టులోకే పో. వైర్‌లెస్ పేరు మీద రెండుసార్లు నొక్కు. అడ్వాన్స్‌డ్ అనే భాగం వస్తుంది. ఎడమవైపు వరుసలో వైర్‌లెస్ మోడ్ అని ఉంటుంది. దాని మీద నొక్కితే కుడివైపు ఇప్పుడున్నది కనిపిస్తుంది. బీ, జీ అని ఉంటే తప్పు అదే. ఒక్క ఏ మాత్రమే పెట్టి చూడు. అప్పుడు ఐదు తప్ప వేరేది వినదు. ఓకే నొక్కి, మూసి, మళ్లీ తెరువు. లాప్‌టాప్ పక్కన వైర్‌లెస్ బటన్ ఉంటుంది, దాని దీపం వెలుగుతోందో లేదో కూడా చూడు.

యూఎస్‌బీలో గుచ్చే వైర్‌లెస్ ముక్కలు దొరుకుతాయి. ఖమ్మంలో నాలుగు దుకాణాలు తిరిగాను. అన్నీ ఒక్క బాటవే. ఐదు మీద నడిచేది హైదరాబాద్ నుంచి తెప్పించాలట. పదిహేనో తారీఖులోపు వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

నువ్వు రాసింది నిజం. ముదిగొండలో ఆసుపత్రి పక్కనే ఒక గది చూసి కిరాయి మాట్లాడాను. కిటికీలు రెండున్నాయి. నీ డబ్బా పనిచేయకపోతే బాగుండునని నాకు ఒక్కసారైనా అనిపించలేదని రాయలేను. కానీ నువ్వు అడిగినదానికి తప్పు జవాబు రాయను.

అన్న,
కిషన్‌లాల్.


బూరుగుపాడు,
4 జూన్ 2009.

అన్నకు,

మోడ్ మూడూ కలిపే ఉంది, కట్టడి ఏమీ లేదు. అయినా నువ్వు చెప్పినట్టు ఒక్క ఏ పెట్టాను. దీపం వెలుగుతోంది. గదిలో పేరు రాలేదు. కోపమొచ్చి లాప్‌టాప్ చంకన పెట్టుకుని ట్యాంకు కిందికి పోయాను. అక్కడ తెరిస్తే డబ్బా పేరు వచ్చింది! ఒక్క గీత. కేకేయబోయాను. మూత కొంచెం వెనక్కి వంచగానే పోయింది. ముందుకు లాగితే వచ్చింది, మళ్లీ పోయింది. నొక్కేంతసేపు నిలవలేదు.

కాబట్టి చచ్చిపోలేదు. వింటుంది, కానీ నెత్తి మీద నిలబడి అరిస్తే తప్ప వినదు. అనిల్‌ది నా గదిలోనే వింటుంది. "చెవుడు అక్కా దానికి" అన్నాడు. పేషెంటును ట్యాంకు కింద పడుకోబెట్టి చూపిస్తాను అంటే ట్రస్టు వాళ్లు ఊరుకోరు. అయినా అక్కడా నిలవడం లేదు.

అనిల్ మంచివాడు. పై వాళ్లతో నా తరఫున మాట్లాడాడు. కానీ వాగు అవతలి ఊరి బడిలో లాప్‌టాప్ ఉంది, దాంట్లో పేరు వస్తోందని చూసి వచ్చాడు. "పదిహేను దాటితే నా చేతుల్లో ఉండదక్కా, వాగు రాకముందే మార్చేయాలి" అన్నాడు.

పున్నమ్మకు తలనొప్పి మొదలైంది. నిన్న ముఖం కూడా ఉబ్బింది. బొజ్జయ్యను కూర్చోబెట్టి గట్టిగా చెప్పాను.

"బొజ్జయ్యా, ఈసారి నొప్పి కాదు. ఇది వేరే. ప్రాణం మీదికి వస్తది."

"పోయినసారి గూడ ప్రాణమే అన్నవ్."

"పోయినసారి నేను తప్పు చెప్పిన, సరేనా? ఈసారి కరెక్టు చెప్తున్న."

"ఏది తప్పో ఏది కరెక్టో నాకెట్ల తెలవాలె సిస్టరమ్మా? నీ డాక్టరు డబ్బాల వస్తదన్నవ్ గద. వచ్చినంక ఆమెను చెప్పమను. అప్పుడు పోత."

అన్నా, వాడి మాటలో తప్పు లేదు. డబ్బా గురించి ఊరంతా చెప్పింది నేనే. ఇప్పుడు డబ్బా ఉంది, డాక్టరు లేదు.

ఇంకేమైనా దారి ఉంటే రాయి. లేదంటే లేదని రాయి. ఫారం మేకు మీదే ఉంది.

చాంది.


ఖమ్మం,
9 జూన్ 2009.

చెల్లె చాందికి,

మంగీలాల్ బావ ఇవాళ భద్రాచలం వైపు లోడు తీసుకుపోతున్నాడు. ఈ ఉత్తరం అతనితో పంపుతున్నాను. మండలంలో మీ ఊరి జీపు డ్రైవరుకు ఇస్తానన్నాడు. నేను గురువారం వస్తున్నాను. సేటు సెలవు ఇచ్చాడు.

దగ్గరికి పోతే వస్తుంది, మూత వంచితే పోతుంది అని రాశావు. ఆ ముక్క నాకు పనికొచ్చింది. పాత లాప్‌టాప్‌లు బాగుచేసే అతని దగ్గరికి పోయి, విప్పి ఉన్న ఒకదాన్ని చూపించమన్నాను. కార్డు అడుగున ఉంటుంది. దాని చెవులు మాత్రం అక్కడ ఉండవు. కార్డు నుంచి రెండు సన్న వైర్లు మడత గుండా పైకి పోయి, మూత లోపల తెరకు రెండు పక్కలా ఉంటాయి. అంటే లాప్‌టాప్ వినేది మూతతో. నీ మూత మీద ఏముందో అప్పుడు గుర్తొచ్చింది.

ఆదివారం తండాకు పోయి యాడిని అడిగాను. "అద్దాలేనా, ఇంకేమన్న పెట్టినవా?" అన్నాను. ఎందుకు అడుగుతున్నానో తెలియక సంతోషంగా చెప్పింది. అద్దాలు మూతంతా సందు లేకుండా కుట్టిందట. అంచు చుట్టూ నాయనమ్మ రవికకు ఉన్న పాత బిళ్లలు, తెల్ల లోహం పూసలు, వరుసగా. "నా బిడ్డ మెషిను గద, దిష్టి తగలొద్దని ఎక్కువ పెట్టిన" అన్నది. అద్దం వెనక పూత ఉంటుంది, బిళ్లలు లోహం. ఐదు బాట అసలే గోడలు, అడ్డాలు తట్టుకోలేదని నెట్‌లో చదివాను.

అనుకున్నది తప్పు కావచ్చని పరీక్ష చేశాను. యాడి దగ్గర అలాంటి అద్దాల గుడ్డ ఇంకొకటి ఉంటే అడిగి తెచ్చాను. షాపు ఎదురుగా ఉన్న నెట్ షాపులో ఒక లాప్‌టాప్ మూతకు అది చుట్టాను. షాపతను, "ఏంది కిషన్‌లాల్ అన్నా, లాప్‌టాప్‌కు పెళ్లి చేస్తున్నవా?" అన్నాడు. చుట్టకముందు ఐదు గీతలు. చుట్టాక రెండు. తీస్తే మళ్లీ ఐదు. అతనిది రెండు పాయింటు నాలుగు డబ్బానే. దానికే అంత తగ్గింది. నీకు దూరం కూడా కలిసింది.

కార్డు మంచిదే. చెవులు మూసుకుపోయాయి.

నిన్న మళ్లీ తండాకు పోయి యాడికి చెప్పాను. "చాందిని విప్పమనకు. నువ్వే పోయి విప్పు" అని తన కత్తెర ఇచ్చింది. అందుకే వస్తున్నాను. నువ్వు ముందే విప్పవని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను: విప్పవద్దు, ఆమె మాట ఉండనీ. నేను వచ్చాక పది నిమిషాల పని.

శుక్రవారం డాక్టరమ్మ కూర్చునే రోజు అని రాసినట్టు గుర్తు. అనిల్‌కు కబురు పెట్టు. బొజ్జయ్యకు కూడా.

అన్న,
కిషన్‌లాల్.


బూరుగుపాడు,
24 జూన్ 2009.

అన్నకు,

క్షేమంగా చేరావని మంగీలాల్ చెప్పి పంపాడు. నువ్వు శుక్రవారం మధ్యాహ్నం బస్సుకే పోయావు. ఆ తర్వాత జరిగింది రాస్తాను.

నువ్వు తొడుగు విప్పాక డాక్టరమ్మ తెర మీద కనిపించి, ఇవాళే పొమ్మని చెప్పగానే బొజ్జయ్య లేచాడు. బయటికి పోయాడు. ఈసారి కూడా పనికే పోయాడనుకున్నాను. నిన్ను బస్సెక్కించి వచ్చేసరికి ట్రాక్టర్ తెచ్చాడు. ట్రాలీలో గడ్డి పరిచి, మీద మంచం ఎత్తించాడు. నేను కూడా ఎక్కాను. వాగు దగ్గర ట్రస్టు జీపు ఉంది, అనిల్ ముందే పంపించాడు. దారిలో పున్నమ్మ, "కండ్లు మసకగున్నయ్ సిస్టరమ్మా" అన్నది. ఆ మాట విన్నాక భద్రాచలం వచ్చేదాకా నేను ఆమె చెయ్యి వదల్లేదు.

మరునాడు పొద్దున ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. నెలలు నిండలేదు, బాగా చిన్నది, అద్దాల పెట్టెలో పెట్టారు. పున్నమ్మకు బీపీ దిగడానికి వారం పట్టింది. ఇప్పుడు ఇద్దరూ మంచిగున్నారు. ఇంకో రోజు ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని డాక్టరమ్మ బొజ్జయ్యకే చెప్పారు, నాకు కాదు.

బొజ్జయ్య తిరిగి వచ్చి ఊరంతా తిరిగి చెబుతున్నాడు. ఎందుకు పోయావురా అంటే, "డబ్బాల డాక్టరమ్మ నా వంక చూసి పేరు పెట్టి పిలిచింది. పోకపోతే ఏం బాగుంటది?" అంటున్నాడట. నేను అన్ని నెలలు పేరు పెట్టి పిలిచింది లెక్కలోకి రాలేదు! మొన్న ఇంటికి వచ్చి ఒక గంప మామిడికాయలు దించి, "నువ్వు చెప్పింది కరెక్టే అయింది ఈసారి" అన్నాడు. ఈసారి అనే మాట నొక్కి అన్నాడు.

డబ్బా ఇక్కడే ఉంటుందని ట్రస్టు కాగితం ఇచ్చింది. తొడుగు లేని మూతతో గదిలో మూడు గీతలు వస్తున్నాయి, వాన రోజు రెండు. మాటకూ ముఖానికీ సరిపోతున్నాయి. అడుగున కుట్టు అలాగే ఉంచావు, అది అడ్డం రాదన్నావు. నిజమే, రావడం లేదు. నువ్వు విప్పిన గుడ్డను గోడకు కొట్టాను. పిల్లలకు సూది వేసేటప్పుడు దాని వంక చూపిస్తే ఏడుపు ఆపుతున్నారు. యాడికి చెప్పు.

ఫారం ఖాళీగానే వెనక్కి పంపుతున్నాను. మాట ప్రకారం నువ్వు అడగలేదు, నేనే పంపుతున్నాను.

ఒక్క సంగతి మాత్రం అర్థం కాలేదు. కుట్లు విప్పేటప్పుడు ఆడవాళ్లతో మాట్లాడావు, అనిల్‌తో మాట్లాడావు. డాక్టరమ్మ వచ్చి పోయాక ఒక్క మాట లేదు. అన్నం తినేటప్పుడు లేదు, బస్సు దాకా నడిచేటప్పుడూ లేదు. నేను రానని అర్థమై కోపమొచ్చిందా? వస్తే రాయి. నోటితో అనలేవు, కాగితం మీదైనా రాయి.

చాంది.


ఖమ్మం,
2 జూలై 2009.

చెల్లె చాందికి,

ఉత్తరం, ఫారం అందాయి. పున్నమ్మ సంగతి యాడికి చదివి వినిపించాను. గోడకు కొట్టిన గుడ్డ గురించి రెండుసార్లు చదివించుకుంది. మూతకు ఇంకో తొడుగు కుడుతోంది, ఒట్టి దారంతో, అద్దం బిళ్ల ఏదీ లేకుండా. కుట్టాక నేను ముందు నెట్ షాపులో చుట్టి చూసి, గీతలు తగ్గలేదంటేనే పంపిస్తాను.

ముదిగొండ గది వద్దని చెప్పేశాను. అక్కడి ఖాళీకి వేంసూరు నుంచి ఒకామె వస్తోందట. వానలు పడుతున్నాయి, వాగు దాటేటప్పుడు జాగ్రత్త. లాప్‌టాప్ బ్యాటరీ పాతది. కరెంటు పోయే ఊరు కాబట్టి డాక్టరమ్మ కూర్చునే రోజుకు ముందు నిండా చార్జింగ్ పెట్టుకో.

కోపం అని అడిగావు.

మొన్న ఆదివారం తండాలో ఉన్నాను. బోరింగు దగ్గర పక్కింటామె యాడిని ఎకసెక్కంగా అడిగింది. మన భాషలో అన్నది, తెలుగులో రాస్తున్నాను.

"ఏందే, ఈ యేడు వస్తది వస్తదన్నవ్, నీ బిడ్డకు బదిలీ కాలేదా?"

యాడి బిందె నెత్తికెత్తుకుంటూ చెప్పింది.

"నేనే వద్దన్న. ఆడ నా బిడ్డ లేకుంటే ఏం పని నడవదు. డాక్టరమ్మ అంతటి డాక్టరమ్మ, ఏ రోగమొచ్చినా ముందు నా బిడ్డనే అడుగుతది, ఏం జేద్దామే చాందీ అని."

ఆ మాట ఎవరూ ఆమెకు చెప్పలేదు. గొప్ప కోసం అప్పటికప్పుడు కల్పించింది. పక్కింటామె నా వంక చూసింది, నిజమేనా అన్నట్టు. నేను అవునన్నాను.

ఎందుకంటే ఆ శుక్రవారం నీ వెనక గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. నువ్వు పున్నమ్మ బీపీ చెప్పావు. కాళ్లు నొక్కి తెరకు చూపించావు. తలనొప్పి ఎప్పటి నుంచో చెప్పావు. డాక్టరమ్మ అంతా విని, తాను ఏమీ అనకముందే, "నీకేమనిపిస్తోంది చాందీ?" అన్నారు. "ఇవాళే పంపాలి మేడం" అన్నావు. "నేనూ అదే అంటాను" అని, అప్పుడు బొజ్జయ్యను పిలిచారు.

కోపం కాదు. బస్సు దాకా ఆ మాటే వింటూ నడిచాను.

అన్న,
కిషన్‌లాల్.